ఉలి మొండిదైతే చేయేం చేస్తుంది?

పనితనం చేతిలో ఉండాలి గానీ పనిముట్టులో ఏముందండీ? ఈ మాట మన దగ్గర అందరి నోటా వినిపిస్తుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడి రెండు ఉలుల ధరలు పోల్చుకుంటున్న కుర్రాడికి పక్కనున్న పెద్దమనిషి అడక్కుండానే ఇచ్చే సలహా ఇది. కాస్త మంచి రంపం కొనిపెట్టమన్న మేస్త్రికి కాంట్రాక్టరు ఇచ్చే జవాబూ ఇదే. దానికి తోడు ఒక సామెత కూడా సిద్ధంగా ఉంటుంది: ఆడలేక మద్దెల ఓడందట. ఇక ఆ కుర్రాడు గానీ ఆ మేస్త్రి గానీ నోరెత్తడానికి వీల్లేదు. ఎత్తితే పని రానివాడినని ఒప్పుకున్నట్టే.

ఈ వాదన తప్పు. తప్పే కాదు, అన్యాయం కూడా. వినడానికి పనివాడి చేతిని పొగిడినట్టు ఉంటుంది. నిజానికి నాసి పనిముట్టు చేసే నష్టాన్నంతా తీసుకెళ్లి అతని మణికట్టు మీద, అతని రోజుకూలి మీద రుద్దుతుంది. ఆ సామెతనే తీసుకోండి. ఆడలేకపోవడం ఆడేవాళ్ల తప్పే, కాదనను. కానీ ఓటి మద్దెల బాగా మోగుతుందని సామెత ఎక్కడ చెప్పింది? మృదంగం వాయించే విద్వాంసుణ్ణి ఎవరినైనా కదిపి చూడండి. పనస కర్ర ఎక్కడిది, తోలు ఎలాంటిది, కరణి ఎవరు వేశారు, మూతలు ఎక్కడ మార్పించాలి అని గంటసేపు చెబుతాడు. విద్య ఉన్నవాడే వాయిద్యం గురించి ఇంత రంధి పడతాడు. విద్య లేనివాడికి ఏ మద్దెలైనా ఒకటే.

ఖరీదైన పనిముట్టు అంటే ఏమిటో, ఆ ఖరీదు దేనికో ముందు తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది. ఉలి సంగతి చూద్దాం. బయటికి అన్ని ఉలులూ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఇనుప పట్టీ, ఒక పిడి, ఓ పక్క వాలు. అసలు సంగతి కంటికి కనపడదు. కర్బనం తగినంత ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే అది గాజులా గట్టిపడుతుంది. అలా వదిలేస్తే ఒక్క దెబ్బకు పెచ్చు లేచిపోతుంది. అందుకని మళ్లీ సన్నటి సెగ చూపించి ఆ పెళుసుదనం కొంత తీసేస్తారు. ఈ రెండో సెగలోనే ఉంది కిటుకంతా. ఉక్కు మీద లేత గడ్డిరంగు తేలే వేడి సుమారు 230 డిగ్రీలు, నీలం తేలే వేడి సుమారు 300 డిగ్రీలు. ఆ డెబ్భై డిగ్రీల తేడాలో ఉలి ఉలిగా మిగలడమో, స్క్రూడ్రైవరుగా దిగజారడమో తేలిపోతుంది. మంచి ఉలి గట్టిదనం రాక్‌వెల్ సి కొలమానంలో 58 నుంచి 62 మధ్య ఉంటుంది. జపాన్ ఉలులు కొన్ని అంతకన్నా పైకి వెళ్తాయి. అక్కడ గట్టి ఉక్కు పలకను మెత్తటి ఇనుముకు అతికించి, పదును ఒకదానికీ ఓర్పు ఇంకోదానికీ పంచుతారు.

ఇప్పుడు నాసి ఉలి. దానిలో కర్బనమే తక్కువ కావచ్చు, లేదా సెగ ఎక్కువైపోయి ఉండవచ్చు, లేదా కాల్చి ముంచడమే సరిగ్గా జరగకపోయి ఉండవచ్చు. సానరాయి మీద దానికి కూడా పదును వస్తుంది. షాపులో అంచు చూస్తే తళతళలాడుతుంది. పలకకు పెట్టి నాలుగు దెబ్బలు కొట్టగానే ఆ అంచు మడత పడుతుంది. ఇక్కడ చేతి నైపుణ్యం చేయగలిగింది ఒక్కటే: లేచి వెళ్లి మళ్లీ సానపట్టడం. మహా శిల్పి అయినా అంతే, నిన్న పనిలో చేరిన కుర్రాడైనా అంతే. ఉక్కు మెత్తదనాన్ని చెయ్యి సరిదిద్దలేదు.

మనం వాడే కర్రలు కూడా ఈ విషయంలో దయ చూపవు. టేకు చెక్కలో సహజంగానే సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. తాకిన ప్రతి అంచునూ అది అరగదీస్తుంది. నల్లతుమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, బండి చక్రాలకు దాన్ని ఏరికోరి వాడింది దాని మొండితనం చూసే. గట్టి కర్రకే గదా మంచి ఉలి, మెత్తటి కర్రకు ఏదైనా చాలు అనుకునేవాళ్లు కొండపల్లి వెళ్లి రావాలి. అక్కడి బొమ్మలు తెల్ల పొణికితో చేస్తారు. ఆ కర్ర దూదిలా తేలిక. మెత్తటి కర్రలోనే అంచు పదును ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మొద్దు అంచు దాన్ని కోయదు, నలిపేస్తుంది. నారలు చితికి లోపలికి కుంగిపోతాయి. అంబారీ ఏనుగు తొండం మీద అంత నున్నటి వంపు రావాలంటే అంచు వెంట్రుకను కోసేలా ఉండాలి.

డబ్బు లెక్క చూద్దాం, ఈ వాదన మొదలయ్యేదే అక్కడ గనక. వడ్రంగి రోజుకూలి 1,000 రూపాయలు, పని 8 గంటలు అనుకుందాం. ఒక ఉలి 150 రూపాయలు, ఇంకొకటి 900. చౌక ఉలి రోజుకు ఒక్క అరగంట అదనంగా సానరాయి దగ్గర కూర్చోబెడుతుందనుకుందాం. నేను తక్కువే వేస్తున్నాను. అరగంట అంటే రోజులో పదహారో వంతు, 62 రూపాయల పైచిలుకు. రెండు ఉలుల మధ్య తేడా 750 రూపాయలు. పన్నెండు పనిదినాల్లో ఆ తేడా తీరిపోతుంది. పదమూడో రోజు నుంచి చౌక ఉలే ఖరీదైనది. పని కూలి లెక్కన సాగితే ఆ డబ్బు ఇంటి యజమానిది, గుత్తకు సాగితే మేస్త్రిది. షాపువాడిది మాత్రం ఎప్పుడూ కాదు. మొండి అంచు వల్ల పెచ్చు లేచిపోయిన టేకు పలక ఖరీదు నేనింకా ఈ లెక్కలో కలపనేలేదు. పదును లేని ఉలిని ఎక్కువ బలంతో నెట్టాల్సి వస్తుంది, ఎక్కువ బలంతో నెట్టినది జారితే ఎడమచేతిలోకే దిగుతుంది. ఆ కుట్ల ఖర్చు కూడా కలపలేదు.

ఇక్కడ పూర్వీకుల్ని తీసుకొస్తారు. రామప్ప గుడి కట్టినవాళ్ల దగ్గర విదేశీ ఉలులు ఉన్నాయా, మన తాతలు ఒక బాడిశ, ఒక రంపం, రెండు ఉలులతో ఇళ్లకు ఇళ్లు లేపలేదా అంటారు. నిజమే, లేపారు. కానీ వాళ్ల పనిముట్లు చౌకవని ఎవరు చెప్పారు? పాలంపేటలోని 1213 నాటి ఆ రామప్ప గుడిలో మదనిక శిల్పాల మెడ గొలుసులు, గొలుసుల నీడలు చూసినవారికి ఆ నల్లరాయి ఎంత కఠినమో తెలుస్తుంది. అలాంటి రాతి మీద ఇనుప ఉలి ఎంతసేపు నిలుస్తుంది? రాతిపని సాగే చోట కొలిమి కూడా మండుతూ ఉండాలి. మొద్దుబారిన ఉలిని కాల్చి, సాగగొట్టి, మళ్లీ గట్టిపరిచి ఇచ్చే కమ్మరి ఉంటేనే శిల్పి చెయ్యి ఆడుతుంది. శిల్పం కింద కమ్మరి పేరు చెక్కి ఉండదు గనక ఆ ఖర్చు మనకు కనపడదు.

తాతల కాలం వడ్రంగి కూడా అంతే. అతని బాడిశ అంగట్లో తెచ్చింది కాదు. ఊరి కమ్మరి కొలిమి ముందు కూర్చుని, ఇంత వంపు, ఇంత బరువు, పిడి ఇలా అని చెప్పి చేయించుకున్నది. తర్వాత్తర్వాత లారీ కమాన్ పట్టీలు దొరకడం మొదలయ్యాక కమ్మర్లు వాటిని వదల్లేదు, ఎందుకంటే స్ప్రింగు ఉక్కు ఏం చేయగలదో వాళ్లకు తెలుసు. కోతల ముందు కూలికి వెళ్లే ఆడవాళ్లు కొడవళ్లు తీసుకెళ్లి కక్కు పెట్టించుకునేవాళ్లు, తమ కొడవలి ఇంకొకరి చేతికి ఇచ్చేవాళ్లు కాదు. అప్పట్లో ప్రతి పనిముట్టూ దాన్ని వాడే మనిషి ఒంటికి కుట్టించుకున్న చొక్కా. ఇవాళ కమ్మరి కొలిమి ఆరిపోయింది. ఆ స్థానంలోకి వచ్చింది ఎవరి చేతికీ చేయని, ఎవరి పేరూ లేని, గంపగుత్త సరుకు. దాన్ని చూపించి తాతల పేరు చెప్పడం వాళ్లను అవమానించడమే.

ఉక్కు నాణ్యతకు డబ్బు పెట్టడం పరాయి దేశపు పిచ్చి అనుకుంటే అది కూడా మన చరిత్ర తెలియకపోవడమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల్లో కరిగిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులుగా లోకం పొగిడిన వాటి వెనుక ఈ దక్కను ఉక్కు ఉంది. కత్తి పనితనం చేతిలోనే ఉంటే, ఇనుము ఎక్కడిదైనా ఒకటే అయితే, ఆ వ్యాపారి సముద్రం దాటి రావడం ఎందుకు?

ఈ మధ్య ఇంకో రకం వాదన పడమటి నుంచి దిగింది. ఇంట్లో సరదాకు చెక్కపని నేర్చుకునేవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ బాల్కనీలో బల్ల వేసుకున్నవాళ్లు దీన్ని బాగా నమ్ముతున్నారు. మొదట అన్నిటికన్నా చౌకది కొను, అది విరిగేంతగా వాడితే అప్పుడు మంచిది కొను అంటుంది ఈ సలహా. సుత్తికి, చెక్క బిగించే క్లాంపుకు ఇది సరిపోతుంది, ఒప్పుకుంటాను. కోసే పనిముట్టుకు ఇది తలకిందుల సలహా. చిత్రిక ఒక్కటి చాలు దీన్ని తేల్చడానికి.

ఇనుప చిత్రికల్లో ఇవాళ ప్రపంచమంతా వాడే నమూనా అమెరికాలో లెనార్డ్ బెయిలీ రూపొందించింది. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1981లో మొదలైన లీ-నీల్సన్ అనే సంస్థ ఆ కోవ చిత్రికలే చేస్తోంది. ఒక్కో చిత్రిక వందల డాలర్లు. అదే కోవలో మన జలంధర్‌లో చేసినవి అందులో పదోవంతుకో అంతకన్నా తక్కువకో దొరుకుతాయి. బొమ్మ చూస్తే రెండూ కవలలు. తేడా అడుగున ఉంటుంది. చిత్రిక అడుగు చదునుగా లేకపోతే కత్తి ఒకచోట తాకి ఒకచోట తాకదు. కత్తి కూర్చునే ఇనుప దిమ్మె సరిగ్గా ఆనకపోతే కత్తి వణుకుతుంది, చెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. కత్తి మీది రేకు అంచుకు అతుక్కుని ఉండకపోతే ఆ సందులో చిత్రిక పొట్టు ఇరుక్కుపోతుంది. ఇవన్నీ సరిచేసుకోవచ్చు. గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి అడుగు అరగదీసి, దిమ్మెను ఆకురాయితో సరిచేసి, రేకు అంచు సానపట్టి, కత్తి వెనుకభాగం చదును చేసి ఓపిగ్గా కూర్చుంటే ఆ చౌక చిత్రిక కూడా బంగారంలా పనిచేస్తుంది. ఖరీదైన దానికి మీరిచ్చేది ఈ పనికి కూలి.

అయితే ఈ సరిచేసే పని ఎవరికి వచ్చు? ఇరవై ఏళ్లు చిత్రిక పట్టినవాడికి. కత్తి వణికే చప్పుడు విని దిమ్మెలో తేడా ఉందని అతనే చెప్పగలడు. కొత్తగా నేర్చుకునేవాడికి ఏం తెలుస్తుంది? చెక్క చిరుగుతోంది. తప్పు తన చేతిదా, కర్ర నార దిశదా, కత్తిదా, అడుగుదా? నాలుగింటిలో ఏదో తెలియదు. తప్పంతా తనదేననుకుంటాడు, ఎందుకంటే పనితనం చేతిలో ఉంటుందని లోకం వాడికి ముందే చెప్పి పంపింది. నెల తిరక్కుండా ఆ చిత్రిక అటకెక్కుతుంది. మంచి పనిముట్టు పెద్ద మేస్త్రికి, చౌకది నేర్చుకునేవాడికి అన్న మన లెక్క పూర్తిగా తిరగబడింది. ఓటి పనిముట్టుతో నెట్టుకురాగలిగినవాడు మేస్త్రి ఒక్కడే. నేర్చుకునేవాడికి కనీసం పనిముట్టు అబద్ధం చెప్పకూడదు.

మేస్త్రి నెట్టుకురాగలడు కదా అని అతనికి నాసిదే ఇవ్వాలనడం ఇంకో అన్యాయం. వీణ మీద రెండు తీగలు తెగినా పాట ముగించగలిగే వైణికుడు ఉంటాడు. అలాగని రోజూ రెండు తీగలు తెంపి కచేరీకి కూర్చోబెట్టం.

కోసేవాటి సంగతి అలా ఉంచి పట్టేవాటి సంగతి చూడండి. నాసి స్పానరు నోరు మెత్తటిది. బిగువైన నట్టు మీద బలం పెట్టగానే నోరు కాస్త విచ్చుకుంటుంది, నట్టు ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి స్పానరు తెచ్చినా ఆ నట్టు ఊడదు; వెల్డింగు పెట్టో ఉలితో కొట్టో తియ్యాలి. అంటే ఇక్కడ చౌక పనిముట్టు తనొక్కటే పాడవదు, పక్కదాన్ని కూడా పాడుచేస్తుంది. స్క్రూడ్రైవరు ఇంకా చిత్రం. మన దగ్గర తిరిగే జపాన్ నమూనా మోటార్‌సైకిళ్లలో నాలుగు పలకల స్క్రూలు చాలావరకు జపాన్ ప్రమాణానివి. మనం వాడే స్టార్ స్క్రూడ్రైవరు 1930ల్లో హెన్రీ ఫిలిప్స్ పేరున అమెరికాలో వచ్చిన ఆకారం. రెండూ చూడటానికి ఒకటే, కూర్చోవడంలో తేడా. దానికి మెత్తటి మొన కూడా తోడైతే స్క్రూ తల గిన్నెలా గుంటపడుతుంది. కార్బురేటర్ దగ్గర ఈ పని జరిగిన బండ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. మెకానిక్ చేతగానివాడని తిట్టేస్తాం.

కరెంటు పనివాళ్ల కటింగ్ ప్లేయరు దగ్గర ఇది డబ్బు వాదనగా కూడా మిగలదు. పిడికి ఎర్రటి ప్లాస్టిక్ తొడుగు ఉంటే షాకు కొట్టదని నమ్మేవాళ్లు కోకొల్లలు. ఆ తొడుగు చేతికి పట్టు కోసం, అంతే. నడుస్తున్న కరెంటు మీద వాడదగ్గ పనిముట్టుకు ఐఈసీ 60900 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసిన ప్రతి ఒక్క ప్లేయరునూ 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి, 1,000 వోల్టుల దాకా వాడవచ్చని ముద్రవేస్తారు. పక్కన రెండు త్రిభుజాల గుర్తు ఉంటుంది. అది మామూలు దానికన్నా బాగా ఖరీదే. మన ఇళ్లలో తీగల్లో 230 వోల్టులు నడుస్తాయి, మెయిన్ ఆపకుండా పని కానిచ్చేసే అలవాటు మనకు ఉండనే ఉంది. ఈ తేడా దగ్గర పనితనం చేతిలో ఉంటుంది అనే మాట ఎవరైనా అనగలరా?

ఇంతదాకా చదివి, వీడు విదేశీ కంపెనీల తరఫున మాట్లాడుతున్నాడని ఎవరికైనా అనిపిస్తే వాళ్లకు రసమట్టం కథ చెబుతాను. రసమట్టాన్ని నేల మీద పెట్టి బుడగ ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. కొస అటుదిటు తిప్పి సరిగ్గా అదే చోట పెట్టండి. బుడగ అదే పక్కకు, అంతే దూరం జరిగి కనిపిస్తే నేల వాలుగా ఉన్నా మట్టం నిజం చెబుతోంది అన్నమాట. బుడగ చోటు మారితే అబద్ధం చెబుతోంది. నాసి మట్టాలు చాలా ఈ పరీక్షలో పోతాయి. అలాంటి అబద్ధం చాలు, స్నానాల గదిలో నీళ్లు గుమ్మం వైపు రావడానికి. అయితే మన తాపీమేస్త్రులు ఈ పనికి వాడే అసలైన మట్టం ఇంకోటుంది: పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు. ఖరీదు దాదాపు సున్నా. బుడగలు లేకుండా నింపితే పది మీటర్ల అవతల గోడకు కూడా అది అబద్ధం చెప్పదు. ఏ దేశపు ఖరీదైన రసమట్టమూ దానికి సాటి రాదు. తూకం గుండూ అంతే. భూమ్యాకర్షణకు బ్రాండు లేదు.

కాబట్టి నా గొడవ ధర గురించి కాదు. మన పాత చెక్క చిత్రిక చూడండి. తుమ్మ దిమ్మె, దానిలో ఓ కత్తి, బిగించడానికి ఓ చీలిక. దిమ్మె వడ్రంగే చేసుకుంటాడు, దానికి ఖర్చు లేదు. కత్తి మంచిదైతే అది వందల డాలర్ల చిత్రికతో పోటీ పడుతుంది. ఇత్తడి మెరుపులు, రోజ్‌వుడ్ పిడులు, చెక్కపెట్టెలో వెల్వెట్ గుడ్డ, ఇవన్నీ నగలు. నగలు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, పనికి మాత్రం వాటితో సంబంధం లేదు. 150 నుంచి 900కు వెళ్లినప్పుడు ఉక్కు మారుతుంది. 900 నుంచి 9,000కు వెళ్లినప్పుడు ఎక్కువగా పాలిషు మారుతుంది. ఆ రెండో మెట్టు ఎక్కనక్కర్లేదని చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. మొదటి మెట్టు కూడా అక్కర్లేదనేవాళ్లతోనే.

పారకు, తట్టకు, గునపానికి, రంగు గీకే రేకుకు, సుత్తికి కూడా పెద్ద ఖర్చు అక్కర్లేదు. సుత్తి తల పిడి నుంచి ఊడకుండా ఉంటే చాలు. సైటు మీద పనిముట్లు మాయమవుతాయి, పక్కవాడు అడిగి తీసుకెళ్లి తిరిగివ్వడు, మంచిది కొంటే పోగొట్టుకోవడమే అనే మాటలో కూడా నిజముంది. దానికి మందు తాళం వేసిన పెట్టె. కత్తెర ఎవరికీ ఇవ్వని టైలరు ఉన్నాడు చూశారా, బట్ట కోసే కత్తెరతో ఇంట్లో పిల్లలు కాగితం కోస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మీరట్ కత్తెరలు పాత ఇనుముతో చేసినవే. అరిగితే మళ్లీ మళ్లీ సానపట్టించుకుంటూ ఏళ్ల తరబడి వాడతారు. ఆ టైలరును పిసినారి అనం, పనిమంతుడు అంటాం. వడ్రంగి తన ఉలి ఇవ్వనంటే మాత్రం పొగరు అంటాం.

ఆ మాట వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. పనితనం చేతిలో ఉంటుందని ఆపరేషన్ థియేటర్లో ఎవరైనా అంటారా? పదేళ్ల కొడుకు క్రికెట్ కోచింగ్‌లో చేరిన వారానికే ఇంగ్లిష్ విల్లో బ్యాటు కొనిచ్చే తండ్రి, అదే ఇంట్లో అలమరా చేస్తున్న వడ్రంగి కొత్త ఉలికి 500 అడ్వాన్సు అడిగితే, మా తాత కాలంలో అయితేనా అని మొదలుపెడతాడు. చేతిపని చేసేవాడి చెయ్యి ఎంత గొప్పదో మనం అంతగా పొగిడేది ఆ చేతికి ఏమీ కొనివ్వకుండా ఉండటానికే.

2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 రకాల చేతివృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా వోచరు ఇస్తోంది. పనిముట్టు ముఖ్యమని ప్రభుత్వం గుర్తించడం మంచిదే. నా భయం కిట్టు అనే ఆలోచనతో. పెట్టె తెరవగానే ఎన్ని కనపడితే అంత ఘనం అనుకోవడం మనకు అలవాటు. 46 ముక్కల సాకెట్ సెట్టు కొనేవాడు అందులో ఆరింటిని వాడతాడు, మిగతా నలభైకి డబ్బు కట్టాడు. ఆ 15,000కు ముప్పై వస్తువులు కొనడం కన్నా మూడు ఉలులు, ఒక రంపం, ఒక చిత్రిక కత్తి, మూలమట్టం, రెండు రకాల సానరాళ్లు కొనుక్కున్న వడ్రంగి ఎక్కువ సంపాదిస్తాడు. సానరాయి మాట మరిచిపోవద్దు. అది లేనివాడికి జపాన్ ఉలి కూడా దండగే. వీధి చివర గ్రైండరు మీద అంచు నీలం తిరిగేదాకా నూరించి తెచ్చుకుంటే ఎంత ఖరీదైన ఉక్కయినా ఆ నీలం ఉన్నంతమేర సత్తువ పోగొట్టుకున్నట్టే.

కొనబోయేవాళ్లకు నాలుగు మాటలు. బ్రాండు పేరును నమ్మకండి, పేరులో ఒక్క అక్షరం మార్చిన నకళ్లు అదే షెల్ఫులో ఉంటాయి. చిన్న ఆకురాయి ఒకటి జేబులో వేసుకెళ్లి ఉలి అంచు దగ్గర పక్కభాగాన మెల్లగా రాయండి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిది, సబ్బు మీద పడ్డట్టు కొరుక్కుపోతే మెత్తది. మూలమట్టాన్ని సూటి అంచున్న చెక్కకు ఆనించి ఓ గీత గీయండి, తిప్పి ఆనించి అదే చోట నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడకపోతే అక్కడే వదిలేసి రండి. పాత సామాను మీద మక్కువ ఉంటే గురువారం హైదరాబాద్ జుమెరాత్ బజారుకు వెళ్లండి, తుప్పు పట్టిన పాత ఉలి లోపల మంచి ఉక్కు దొరికే అవకాశం కొత్త నాసి ఉలిలో దొరికేదానికన్నా ఎక్కువ. ఆకురాయితో రాసి చూస్తానంటే షాపువాడు ఒప్పుకోకపోతే గొడవ పడకండి. పక్క షాపుకు వెళ్లండి.